కరిగిపోవలసిన తీగ

హైదరాబాదు వచ్చిన వాళ్ళెవరైనా లక్డీకాపూల్ పేరు వినకుండా తిరిగి వెళ్ళరు. లకడీ కా పూల్ అంటే కర్ర వంతెన. ఆ పేరు విని, కర్ర వంతెన చూద్దామని వెళ్ళిన వారికి అక్కడ కర్రముక్క కూడా కనపడదు. కింద నాంపల్లి నుంచి బేగంపేట వైపు పోయే రైలు పట్టాలు, పైన బస్సులు, కార్లు, ఆటోలు, 2018 నుంచి ఇంకా పైన మెట్రో రైలు! కర్ర వంతెన తన కాలంలో తన పని చేసి, గట్టి వంతెన వచ్చిన తర్వాత తప్పుకున్నది. ఇప్పుడు మిగిలింది పేరు ఒక్కటే.

ఈ పేటకు మరొక ప్రత్యేకత ఆస్పత్రులు. రెడ్‌హిల్స్ వైపు తిరిగితే 1953 నుంచి ఉన్న నీలోఫర్ పిల్లల ఆస్పత్రి. నాలుగు అడుగులు అటూ ఇటూ నడిస్తే మందుల షాపులు, ఎక్స్‌రే సెంటర్లు, కట్టు కట్టించుకున్న చేతిని మెడకు వేలాడదీసుకుని ఆటో కోసం నిలబడ్డ మనుషులు. ఆ కట్ల కింద చాలామందికి లోహపు తీగలో, మేకులో, పలకలో ఉంటాయి. ఎముక అతికేవరకూ అవి వంతెనలే. కాని ఎముక అతికిన తర్వాత కర్ర వంతెనలాగా వాటంతట అవి తప్పుకోవు.

వాటంతట అవే తప్పుకునే తీగ ఒకటి ఉంటే? ఉన్నది. దాని పేరు మెగ్నీషియం తీగ. అయితే దానితో ఒక చిక్కు ఉన్నది. ఈ వ్యాసం ఆ చిక్కును గురించే.

రెండో ఆపరేషను

మా అక్కయ్య రెండేళ్ళ క్రితం మెట్ల మీద జారిపడి మోకాటి చిప్ప పగులగొట్టుకున్నది. మోకాటి చిప్పది ఒక విచిత్రమైన అవస్థ. తొడ కండరం దానిని పైకి లాగుతుంది, కింది నరంలాంటి కట్టు కాలి ఎముకకు పట్టి ఉంచుతుంది. అందువల్ల చిప్ప అడ్డంగా విరిగితే రెండు ముక్కలూ దూరం జరుగుతాయి. పిండికట్టు ఒక్కటే చాలదు. డాక్టర్లు రెండు సన్నని ఉక్కు పుల్లలు నిలువునా దిగ్గొట్టి, వాటి చుట్టూ 8 అంకె ఆకారంలో ఉక్కు తీగ చుట్టి, కొసలు మెలిపెట్టి బిగిస్తారు. ఆ పుల్లలను 1909లో ప్రవేశపెట్టిన జర్మన్ శస్త్రవైద్యుడు మార్టిన్ కిర్ష్నర్ పేరుతో ఇప్పటికీ కె-వైర్లు అంటారు.

మూడు నెలలకు ఎముక అతుక్కున్నది. అక్కయ్య కర్ర లేకుండా నడిచింది. కాని ఏడాది తిరిగేసరికి మెలిపెట్టిన తీగకొస చర్మం కింద నుంచి పొడవడం మొదలుపెట్టింది. పూజకు పీట మీద కూర్చోలేదు, కూరలు తరగడానికి కత్తిపీట ముందు కూర్చోలేదు. చివరకు తీగ తీసివేయడానికి మళ్ళీ మత్తుమందు, మళ్ళీ కుట్లు, మళ్ళీ ఖర్చు, మళ్ళీ పది రోజులు ఇంటిల్లిపాదికీ వంట చేసేవారు లేక అవస్థ.

రెండో ఆపరేషనుకు ముందు అక్కయ్య ఆ యువ డాక్టరు గారిని అడిగేసింది: "ఎముక అతికిన నాటికే దీని పని అయిపోయింది గదా బాబూ! అప్పటికి కరిగిపోయే తీగ పెట్టకూడదూ?"

ఆయన నవ్వి, "కరిగే తీగ ఉన్నదమ్మా. ఎప్పుడు కరగాలో దానికి నేర్పడమే కష్టంగా ఉన్నది" అన్నాడు.

ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు. దొరికిన పుస్తకాలూ, శాస్త్రపత్రికలూ తిరగేశాను. తెలుసుకున్నది పాఠకులతో పంచుకుంటున్నాను.

మనకు తెలిసిన లోహమే

మెగ్నీషియం కొత్త లోహమేమీ కాదు. హైస్కూల్లో చదివినవారందరికీ పరిచయమే. సైన్సు మాస్టారు పట్టకారుతో చిన్న రిబ్బను ముక్క పట్టుకుని దీపం మీద పెట్టేవారు. కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని వెలుతురుతో అది భగ్గున మండి, బూడిద మిగిలేది. ఫోటోగ్రాఫర్లకు విద్యుద్దీపాలు లేని రోజులలో ఈ వెలుతురే ఆధారం. 1865లో పియాజీ స్మిత్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈజిప్టు మహాపిరమిడ్ లోపల చీకటిగదులను మెగ్నీషియం వెలుతురులోనే ఫోటోలు తీశాడు.

ఇంట్లో గీజరు ఉన్నవారికి ఇది మరొక విధంగా చుట్టం. చాలా గీజర్ల తొట్టిలో ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడుతూ ఉంటుంది. నీళ్ళు ఇనుప తొట్టిని తినకుండా, ముందుగా ఆ కడ్డీని తింటాయి. రెండు మూడేళ్ళకు మెకానిక్కు వచ్చి, కడ్డీ బయటికి తీసి, "చూడండి సార్, మొత్తం తినేసింది" అని చూపిస్తాడు. ఆ తినడాన్నే మనం తుప్పు అంటున్నాము. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది, మెగ్నీషియం తుప్పు తెల్లగా సున్నపు పొడిలా ఉంటుంది. అంతే తేడా.

మన హైదరాబాదు కర్మాగారాలకూ మెగ్నీషియంతో పాత స్నేహమే. అణువిద్యుత్ కేంద్రాల ఇంధనపు గొట్టాలకు కావలసిన జిర్కోనియంను న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారు చేయడానికి మెగ్నీషియమే సాయపడుతుంది. రక్షణశాఖ లోహ పరిశోధనశాల రూపొందించిన టైటానియం తయారీ పద్ధతిలోనూ మెగ్నీషియం ఉండవలసిందే. ఆ పద్ధతితోనే కేరళలోని చవరలో కర్మాగారం నడుస్తున్నది. క్లోరిన్‌తో పెనవేసుకున్న లోహాన్ని విడిపించి, ఆ క్లోరిన్‌ను తాను పట్టుకోవడం మెగ్నీషియం స్వభావం. ఇతరులతో ఇంత త్వరగా కలిసిపోయే గుణమే అక్కడ ఉపకారమైనది. ఒంట్లో పెట్టినప్పుడు అదే చిక్కు తెస్తుంది.

ఇక మన శరీరం సంగతి. పెద్దవారి ఒంట్లో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకలలోనే. ఆకుకూరలు, పప్పులు, రాగులు, వేరుశనగల ద్వారా రోజుకు మూడు నాలుగు వందల మిల్లీగ్రాములు మనకు కావాలి. ఎక్కువైతే మూత్రపిండాలు బయటికి పంపిస్తాయి. అంటే ఎముక దగ్గర ఒక తీగ కరిగితే, అందులోంచి వచ్చేది శరీరానికి పరాయి వస్తువు కాదు.

బరువు చూడండి. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.9 గ్రాములు, టైటానియం 4.5, మెగ్నీషియం 1.74 మాత్రమే. బిగుసుతనం చూస్తే ఉక్కు మెగ్నీషియం కంటే నాలుగు రెట్లకు పైగా బిరుసు. బిరుసైన ఉక్కు బరువంతా తానే మోస్తే, పక్కన ఉన్న ఎముకకు పని తగ్గి పలచబడే అవకాశం ఉన్నది. మెగ్నీషియం ఈ విషయంలో ఎముకకు దగ్గర బంధువు.

ఇన్ని సుగుణాలున్న లోహాన్ని వైద్యులు ఇంతకాలం చూడలేదా అంటే, చూడకపోలేదు.

నూట యాభై ఏళ్ళ ప్రయత్నం

1878లో ఎడ్వర్డ్ హ్యూస్ అనే వైద్యుడు రక్తస్రావం ఆపడానికి ముగ్గురు రోగుల రక్తనాళాలను మెగ్నీషియం తీగతో కట్టాడు. తీగ ఒంట్లో మెల్లగా కరిగిపోతుందనీ, ఎంత లావు తీగ అయితే అంత కాలం పడుతుందనీ ఆయన గమనించాడు. ఆస్ట్రియాలో ఎర్విన్ పాయర్ అనే శస్త్రవైద్యుడు తెగిన రక్తనాళాలను కలపడానికి మెగ్నీషియం గొట్టాలు వాడి చూశాడు.

ఎముకల మీద మొదటి పెద్ద ప్రయత్నం బెల్జియంలో జరిగింది. 1906లో ఆల్బిన్ లాంబోట్ 17 ఏళ్ళ కుర్రవాడి కాలి ఎముకకు మెగ్నీషియం పలక పెట్టి, బంగారు పూత పూసిన ఉక్కు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజులలో పలక ముక్కలు ముక్కలైపోయింది. చర్మం కింద గాలి నిండి కాలు ఉబ్బిపోయింది!

కారణం ఏమంటారా? రెండు వేరు వేరు లోహాలను ఉప్పునీటిలో తాకించి ఉంచితే అది బ్యాటరీ అవుతుంది. మన రక్తమూ, కణజాలపు నీరూ ఉప్పునీరే. బ్యాటరీలో ఒక లోహం తిండి అవుతుంది, రెండోది క్షేమంగా ఉంటుంది. మెగ్నీషియం పక్కన బంగారాన్నీ ఉక్కునూ పెడితే తిండి అయ్యేది మెగ్నీషియమే. గీజరులో మనం కావాలని చేసే పనే ఆ కుర్రవాడి కాలులో తెలియక జరిగింది. దరిమిలా లాంబోట్, ఆయన శిష్యుడు వెర్‌బ్రూజ్ వేరే లోహం కలపకుండా మెగ్నీషియం ఒక్కటే వాడి, పిల్లల మోచేతి ఎముకలు విరిగినప్పుడు మంచి ఫలితాలు పొందారు. సంక్రాంతి గాలిపటాల రోజులలో మేడల మీద నుంచి పడి పిల్లలు విరగ్గొట్టుకునేది తరచుగా ఆ మోచేతి ఎముకనే.

1924లో అమెరికాలో సీలిగ్ అనే వైద్యుడు మళ్ళీ తీగ దగ్గరికి వచ్చాడు. శుద్ధ మెగ్నీషియం తీగను ముడి వేయబోతే విరిగిపోతున్నదని తెలుసుకున్నాడు. ఈ లోపల తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు వచ్చేసింది. పెట్టిన చోట నమ్మకంగా పడి ఉండే ఉక్కు దొరికిన తర్వాత, కరిగిపోయే తుంటరి లోహం ఎవరికి కావాలి? మెగ్నీషియం మూలపడ్డది. మళ్ళీ దాని మీదకు దృష్టి మళ్ళింది సుమారు 2000 సంవత్సరం ప్రాంతంలోనే.

కమ్మచ్చులో మొండికేసే లోహం

తీగ తీయడం మన కంసాలులకు తరతరాల విద్య. కమ్మచ్చులో వరుసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలు ఉంటాయి. బంగారు కడ్డీ కొసను సన్నగా సాగగొట్టి, ఒక రంధ్రం గుండా లాగి, తర్వాత ఇంకా చిన్న రంధ్రం గుండా లాగుతారు. మధ్యలో తీగ బిరుసెక్కితే నిప్పుల మీద కాచి మెత్తబరుస్తారు. బంగారం అట్లా వెంట్రుకంత సన్నగా సాగుతుంది.

మెగ్నీషియం మాత్రం కమ్మచ్చులో మొండికేస్తుంది. కారణం దాని అణువుల పేర్పులో ఉన్నది. లోహం సాగడమంటే లోపల అణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారడమే. బంగారంలో ఆ పొరలు ఎన్నో దిక్కులకు జారగలవు. మెగ్నీషియంలో అణువులు ఆరు పలకల స్తంభాలలాగా పేర్చి ఉంటాయి. మామూలు వేడిమిలో ఒకే దిక్కుగా ఉన్న పొరలు మాత్రమే సుళువుగా జారుతాయి. పేకముక్కల కట్టను పక్కకు తోస్తే చక్కగా జారుతుంది, నిలువుగా లాగితే జారదు గదా! అట్లాగే. అందుకని మెగ్నీషియంను రెండు వందల డిగ్రీలకు పైగా వేడిచేస్తే తప్ప మిగిలిన దిక్కులలో కదలదు. వేడి మీద కొంత లాగి, మళ్ళీ కాచి, మళ్ళీ కొంత లాగి, ఇట్లా ఎన్నో విడతలలో సన్నటి తీగ చేస్తారు.

ఈ శ్రమకు ఫలితం లేకపోలేదు. లాగిన కొద్దీ లోహంలోని రేణువులు నలిగి చిన్నవవుతాయి. రేణువులు చిన్నవైతే బలం పెరుగుతుంది. పోత పోసిన శుద్ధ మెగ్నీషియం చదరపు మిల్లీమీటరుకు తొమ్మిది పది కిలోలకు మించి బరువు ఆపలేదు. అదే జింకు, అల్యూమినియం వంటివి కొంచెం కలిపి, తీగగా లాగితే 25 నుంచి 35 కిలోల దాకా ఆపగలదు. ఆపరేషన్లలో వాడే మెత్తటి ఉక్కు తీగ 50 కిలోలు, ఆపైన ఆపుతుంది. కనుక ఉక్కుతో సమానం కాదుగాని, కొంచెం లావు తీగ వాడుకుంటే పనికివస్తుంది.

ఇదంతా తీగ తయారైన రోజు లెక్క. ఒంట్లో పెట్టిన మరునాటి నుంచి లెక్క మారిపోతుంది.

బలానికీ తుప్పుకూ పందెం

మెగ్నీషియం నీటిని తాకగానే నీటిలోని హైడ్రోజన్‌ను విడగొట్టి, తాను హైడ్రాక్సైడ్ అయిపోతుంది. మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా అదే. ఆ తెల్లని పొర తీగను కొంతవరకు కాపాడుతుంది. కాని ఒంటి ద్రవాలలో ఉప్పు ఉన్నది గదా, ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు చిల్లులు పొడుస్తుంది. చిల్లు పడ్డచోట మళ్ళీ తాజా లోహం నీటికి దొరుకుతుంది.

ఒక గ్రాము మెగ్నీషియం కరిగితే దాదాపు లీటరు హైడ్రోజన్ వస్తుంది. ఒక మిల్లీమీటరు లావు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న తీగ బరువు గ్రాములో ఏడో వంతు. అది మొత్తం కరిగితే ఒక టీకప్పు నిండేంత వాయువు. ఆ వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తే ఒంట్లో కలిసి పోతుంది. వారం రోజులలో వస్తే లాంబోట్ చూసిన ఉబ్బే వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఎముకలకు పనికివచ్చే మెగ్నీషియం ఏడాదికి అర మిల్లీమీటరు లోతుకు మించి తుప్పు పట్టరాదని పరిశోధకులు ఒక హద్దు పెట్టుకున్నారు. మూడు నుంచి ఆరు నెలల దాకా బలం నిలవాలని కూడా అనుకున్నారు. అర మిల్లీమీటరు అంటే తక్కువే అనిపిస్తుంది. పలకకూ, మరకూ తక్కువే. తీగకు కాదు. మూడు నెలలలో ఆ వేగంతో తుప్పు చుట్టూ ఒకటిలో ఎనిమిదో వంతు మిల్లీమీటరు తింటుంది. ఒక మిల్లీమీటరు తీగ ముప్పావు మిల్లీమీటరవుతుంది. దాని బలం సగానికి కొంచెం పైన మిగులుతుంది. అదే 0.3 మిల్లీమీటర్ల సన్నని తీగ అయితే? రెండు పక్కలా కలిపి పావు మిల్లీమీటరు పోగా 0.05 మాత్రమే మిగులుతుంది. మొదటి బలంలో 36వ వంతు! ఒకే లోహం, ఒకే తుప్పు, ఒకే మూడు నెలలు. లావు తీగ ఎముకను ఇంకా పట్టుకునే ఉంటుంది, సన్న తీగ ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. హ్యూస్ 1878లో కళ్ళతో చూసినది ఈ లెక్కే.

తుప్పు చుట్టూ సమానంగా తింటేనే ఈ లెక్క. నిజానికి అది అంత న్యాయంగా తినదు. ఒకచోట గుంట పెడుతుంది. పదిచోట్ల తీగ చెక్కుచెదరక ఉన్నా, పదకొండో చోట గుంట పడితే తీగ తెగేది అక్కడే. బావి చేంతాడు అంతా గట్టిగా ఉండి ఒక్కచోట నలిగితే బిందె ఎక్కడ జారుతుందో ఇల్లాళ్ళకు చెప్పనక్కరలేదు.

మరొక ప్రమాదం ఉన్నది. ఊరికే ఉప్పునీటిలో పడివున్న తీగ కంటే, లాగి బిగించి ఉంచిన తీగ ముందుగా తెగుతుంది. బిగువు వల్ల గుంట అడుగున సన్నని బీట పుడుతుంది, ఆ బీటలోకి నీరు చేరుతుంది, బీట లోతవుతుంది. తన మామూలు బలం కంటే ఎంతో తక్కువ బరువుకే తీగ పుటుక్కుమంటుంది. మోకాటి చిప్ప చుట్టూ ఉన్న తీగ ఎల్లప్పుడూ బిగువుగానే ఉంటుంది. నడిచినప్పుడల్లా ఆ బిగువు పెరిగి తగ్గుతూ ఉంటుంది. కనుక బలం ఎంత, తుప్పు ఎంత అని వేరు వేరుగా కొలిస్తే చాలదు. రెండింటినీ కలిపి కొలవాలి.

గాజు పాత్రలో మోకాలు

ప్రయోగశాలలో దీనిని కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. రక్తంలోని లవణాలన్నీ అదే పాళ్ళలో కలిపిన నీటిని గాజు పాత్రలో పోసి, 37 డిగ్రీల ఒంటివేడిమిలో ఉంచుతారు. అందులో తీగ ముక్కలు వేస్తారు. పైన గీతలున్న గాజుగొట్టాన్ని బోర్లించి, వచ్చే బుడగలను పట్టుకుంటారు. ఒక మిల్లీలీటరు వాయువు వచ్చిందంటే ఒక మిల్లీగ్రాము లోహం కరిగిందని లెక్క. వారం వారం కొన్ని ముక్కలు బయటికి తీసి, యంత్రంలో లాగి, ఎన్ని కిలోలకు తెగుతున్నాయో రాసుకుంటారు. కొన్నింటిని బిగించి, కొన్నింటిని మెలిపెట్టి, కొన్నింటిని ముడివేసి చూస్తారు. గాజు పాత్రలో వచ్చిన వేగం ఒంట్లో అట్లాగే రాదు, తరచుగా ఒంట్లో తుప్పు నెమ్మదిగా నడుస్తుంది. కనుక ఆ తర్వాత జంతువులలో చూడక తప్పదు.

తుప్పును నెమ్మది చేయడానికి మూడు దారులు కనిపెట్టారు. మొదటిది శుద్ధి. 1942లో అమెరికాలో డౌ కంపెనీ శాస్త్రజ్ఞులు ఒక ముఖ్యమైన సంగతి ప్రకటించారు. మెగ్నీషియంలో ఇనుము పది లక్షల పాళ్ళకు సుమారు 170 పాళ్ళు దాటితే తుప్పు ఒక్కసారిగా విజృంభిస్తుంది. నికెలు అయితే అయిదు పాళ్ళే హద్దు. ఆ ఇనుప రేణువులు లోపలే ఉండి చిన్నచిన్న బ్యాటరీలు నడుపుతాయి. కుర్రవాడి కాలులో ఉక్కు మేకు చేసిన పనే ఇది కూడా.

రెండవది కలపడం. అల్యూమినియం కలిపితే బలం వస్తుంది గాని, ఒంట్లో అల్యూమినియం కరగడం మంచిదా అన్న సందేహం ఉన్నది. ఇట్రియం, నియోడిమియం వంటి అరుదైన లోహాలు కలిపితే తుప్పు తగ్గుతుంది, కాని అవి మన శరీరానికి అలవాటైన దినుసులు కావు. అందువల్ల చాలామంది పరిశోధకులు జింకు, కాల్షియం వైపు మొగ్గారు. రెండూ మన ఒంట్లో ఉన్నవే. కాని ఇక్కడా పాళ్ళు కుదరాలి. ఎక్కువైతే వేరే రేణువులుగా విడిపోయి మళ్ళీ బ్యాటరీ తయారవుతుంది. చారులో ఉప్పులాగా!

మూడవది పూత. తీగ మీద ఫ్లోరైడు పొరో, ఆక్సైడు పొరో, మెల్లగా కరిగే ప్లాస్టిక్కు పొరో వేస్తారు. పలక మీద పూత నిలుస్తుంది. తీగను వంచి, మెలిపెట్టి, ముడివేసినప్పుడు పూత పగలకుండా ఉండడమే కష్టం.

తొందరపడిన స్టెంటు

కరిగే లోహపు తొందర ఎంత పని చేస్తుందో గుండె వైద్యంలో తెలిసివచ్చింది. గుండె రక్తనాళం మూసుకుపోతే తెరిచి ఉంచడానికి పెట్టే స్టెంటు కూడా సన్నని లోహపు కాడల అల్లికే. హైదరాబాదు వారికి ఈ సంగతి కొత్త కాదు. 1990ల్లో క్షిపణి శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం గారూ, గుండె వైద్యుడు సోమరాజు గారూ కలిసి చవకలో దొరికే కలాం-రాజు స్టెంటును ఈ ఊళ్ళోనే రూపొందించారు. సోమరాజు గారి పేరుతో ముడిపడిన కేర్ ఆస్పత్రి లక్డీకాపూల్‌కు దగ్గరలో నాంపల్లిలోనే ఉన్నది. నిమ్స్ ఆస్పత్రిలో పోలియో పిల్లలు మూడేసి కిలోల ఇనుప ఊతాలు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణులకు వాడే పదార్థంతో 300 గ్రాముల ఊతాలు చేయించినదీ కలాం గారే. ఆకాశం కోసం పుట్టిన పదార్థ విద్య మనిషి ఒంటికి పనికిరావడం ఈ ఊరికి అలవాటైన పని.

ఉక్కు స్టెంటు నాళంలో శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్దవారికి ఫరవాలేదు. పెరిగే పసిబిడ్డకు? 2005లో జర్మనీ వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. నెలలు నిండకుండా పుట్టి, కిలో ఏడు వందల గ్రాముల బరువున్న పసికందుకు ఊపిరితిత్తికి రక్తం తీసుకుపోయే నాళంలో మెగ్నీషియం స్టెంటు పెట్టారు. రక్తం ప్రవహించింది. నెలలలో స్టెంటు కరిగిపోయింది, నాళానికి పెరగడానికి అడ్డు లేకుండా పోయింది.

అయితే 2007లో పెద్దవారిలో 63 మందికి గుండె నాళాలలో పెట్టి చూసిన ఫలితాలు వచ్చినప్పుడు ఉత్సాహం చల్లబడ్డది. ప్రాణభయం కలగలేదుగాని, ఏడాది లోపల దాదాపు సగం నాళాలకు మళ్ళీ చికిత్స అవసరమైంది. స్టెంటు త్వరగా బలహీనపడి, నాళం మళ్ళీ ముడుచుకుపోయింది. లోహం, పూత మార్చి, సుమారు ఏడాది కాలంలో కరిగేటట్లు చేసిన స్టెంటుకు 2016లో ఐరోపాలో అనుమతి లభించింది. ఎముకల విషయంలో అంతకు ముందే 2013లో జర్మనీలో తయారైన మెగ్నీషియం మరకు, 2015లో దక్షిణ కొరియాలో తయారైన మరొక మరకు అనుమతులు వచ్చాయి.

మెగ్నీషియం తొందరపాటు లోహమైతే, ఇనుము మరీ నిదానస్తురాలు. శుద్ధమైన ఇనుము ఒంట్లో కరగడానికి ఏళ్ళు పడుతుంది. దానిని త్వరపెట్టడానికి మాంగనీసు కలిపే పని మన హైదరాబాదు శివార్లలో బాలాపూర్ దగ్గరున్న ఏఆర్‌సీఐ పరిశోధనశాలలో, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి జరిగింది. ఆ సంగతి 2020లో ప్రకటించారు. ఒకరు పరుగెత్తే గుర్రానికి కళ్ళెం వేస్తుంటే, మరొకరు కదలని ఎద్దును అదిలిస్తున్నారన్నమాట. ఇద్దరూ చేరవలసిన చోటు ఒక్కటే.

ఇంతకూ మనకేమిటి?

మరలూ, స్టెంట్లూ ముందుకు వచ్చాయి. తీగ మాత్రం ఎక్కువగా ప్రయోగశాలలలోనూ, జంతువుల మీది పరీక్షలలోనూ ఉన్నది. ఎందుకో పై లెక్క చెప్పింది. తీగ ఎంత సన్నమైతే తుప్పుకు అంత త్వరగా లొంగిపోతుంది. పైగా మరను ఎముకలో దిగ్గొట్టి వదిలేయవచ్చు, తీగను వంచాలి, బిగించాలి, మెలిపెట్టాలి. ఆ అవస్థలన్నీ పడిన తర్వాత కూడా మూడు నెలలు నమ్మకంగా నిలిచి, ఆ తర్వాతే జారుకోవాలి.

కనుక రేపు ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగితే, ఈ వ్యాసం చూపించి మెగ్నీషియం తీగే కావాలని డాక్టరు గారితో పట్టుపట్టకండి. ఈనాటికి ఉక్కూ, టైటానియమూ నమ్మదగిన చుట్టాలే. చాలామందికి అవి జన్మంతా ఒంట్లో ఉన్నా బాధపెట్టవు. వాటిని తీయించుకోవలసిన అవసరం అందరికీ రాదు. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. పెట్టేది ఏ లోహం? తర్వాత తీయవలసి వస్తుందా? వస్తే ఎన్నాళ్ళకు, ఎంత ఖర్చుకు? ఈ మూడూ మొదటి ఆపరేషనుకు ముందే అడిగి, కాగితం మీద రాయించుకుని, ఎక్స్‌రేలతో పాటు బీరువాలో దాచుకోండి. పదేళ్ళ తర్వాత మరో ఊళ్ళో మరో డాక్టరు అడిగినప్పుడు ఆ కాగితమే పనికివస్తుంది. ముఖ్యంగా పెరిగే పిల్లల విషయంలో ఈ ప్రశ్నలు మరచిపోకండి.

మన ఇంటి మేడకు స్లాబు పోసినప్పుడు కింద సెంట్రింగు కర్రలు పెడతాము. కాంక్రీటు గట్టిపడకముందే ఎవరైనా కర్ర లాగితే స్లాబు కూలుతుంది. గట్టిపడిన తర్వాత కూడా కర్రలు తీయకపోతే ఇంట్లో కాపురం ఉండలేము. ఏ రోజు తీయాలో మేస్త్రీకి తెలుసు. తీగకు మేస్త్రీ ఉండడు. ఆ రోజు ఏదో దాని లోహంలోనే, దాని లావులోనే, దాని పూతలోనే ముందుగా రాసి పంపాలి. పరిశోధనశాలల్లో బుడగలు లెక్కపెడుతూ, తీగలు తెంపుతూ, అంకెలు రాసుకుంటూ కూర్చున్నవారు చేస్తున్న పని అదే. అది కుదిరిన నాడు ఎన్నో ఇళ్ళలో రెండో ఆపరేషను అన్న మాట వినపడదు.